కోల, గొలుసు

గుణుపురానికి ఆరు మైళ్లలో, వంశధారకి ఇవతల,
మా కళ్లం పక్కన ఒక రాయుంది.
దాని నడుం మీద అడ్డంగా ఒక గాడి,
రెండు కొసలా రెండు చుక్కలు.
అది కోల.
భూమిని ఎంత పొడుగు కర్రతో కొలవాలో
ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాజు చెక్కించి పోయాడు.
ఆయన పేరున్న చోట పెచ్చు లేచిపోయింది,
'దేవర' అన్న మూడక్షరాలే మిగిలాయి.
ఊరు ఊరంతా కోలరాజు అంటుంది.

రెండో ఆయన పేరు ఎక్కడా ఊడలేదు.
కచేరీ గుమ్మం మీద, బంగళా పెంకుల మీద,
రికార్డు గదిలో ప్రతి కాగితం నెత్తి మీదా ఉంది,
ముందు మూడు శ్రీలు, వెనక బహద్దరు.
దొరల దగ్గర గొలుసు కొని తెచ్చింది ఆయనే.
వంద కడీలు, అరవై ఆరు అడుగులు.
మా తాత ఆ గొలుసు లాగాడు. మా అయ్య లాగాడు.
రాజులు పోయి సర్కారొచ్చాక నేనూ లాగాను,
ముప్పై ఒక్క ఏళ్లు,
చైన్‌మన్ కొర్లాపు దండాసి, జీతం తక్కువ, కాళ్లు గట్టివి.

అమీను చెట్టు కింద కునుకు తీసే ఎండవేళ
ఆ గొలుసు పరిచి ఈ కోలని కొలిచి చూశాను.
కోలరాజు లెక్కలో పది మడులైన నేల
గొలుసురాజు లెక్కలో పదమూడు.
మన్ను పెరగలేదు.
శిస్తు పెరిగింది.

అందుకని చాలా కాలం
నా దణ్ణం రాయికే పెట్టాను.

ఒక మాఘంలో పర్లాకిమిడి నుంచి మేష్టారొకాయన
బస్సు దిగి, రాయికి తడికాగితం అద్ది,
బ్రష్షుతో తపతప కొట్టి, మసి పూసి,
కళ్లజోడు నుదుటికెత్తి చదివాడు:
ఈ నేలని, దీని చెట్లని, దీని నీళ్లని,
సాలెవాళ్ల ఇళ్లు మూడింటిని, కొర్లవాణ్ణొకణ్ణి
సూర్యచంద్రులున్నంత వరకూ ఇచ్చాము.

కొర్లవాడంటే మావాడేనా బాబూ?
చెప్పలేం, అన్నాడు మేష్టారు.
చెప్పలేం అంటే కాదని కాదు కదా.
ఆ రాత్రి అన్నం సయించలేదు.
అంత పొడుగు కోలతో కొలిచిన ధర్మాత్ముడు
మనిషిని చెట్టు పక్కన రాశాడు, నీళ్ల పక్కన రాశాడు.

గొలుసురాజు ఎవర్నీ దానమివ్వలేదు.
కరువేడాది గాదెలు తెరిచి గంజి పోశాడు.
మా మామ్మ నలభై రోజులు ఆ గంజి తాగి బతికింది,
చచ్చేదాకా ఆ పేరు వింటే చేతులు జోడించింది.
మరుసటేడు బకాయి కింద
మా బాడవ వేలమైపోయింది.
గంజిచీటీ మీదా వేలంకాగితం మీదా
ఒకటే ముద్ర, నేను కళ్లారా చూశాను.

"ఇద్దరిలో ఎవరు గొప్ప, తాతా?
పది మార్కులు. రేపు బళ్లో అప్పజెప్పాలి."
నా మనవరాలు జ్యోత్స్నారాణి,
ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, నిద్రలో ఏదో నాకు తెలీదు.

కోతల ముందు రోజులవి.
ఆడాళ్లూ మగాళ్లూ ఆ రాయి మీదే కొడవళ్లు నూరుతున్నారు.
ఎన్ని తరాలుగా నూరారో, ఎడంపక్క చుక్క అరిగిపోయింది,
కోల నాలుగు వేళ్లు తగ్గింది.
గొలుసు సంగతంటావా,
తెగిన ముక్కతో మా ఆవిడ మేకని కట్టేస్తుంది.
ఇది రాయమ్మా, అన్నాను.
ఇది పుస్తకంలో లేదు, అంది.

ఐనా ఏదో రాసింది. గబగబా చదివింది.
నాకు సగం అర్థమైంది.
కోలరాజుని కోళరాజు అంది, నాలిక మడిచి.
ఒడియాలో కోళ అంటే ఒడి.

దిద్దుదామని నోరు తెరిచాను.
రాయి మీద ఎవరిదో కొడవలి
చరచరమంటోంది.
చదువు, చదువు, అన్నాను.